ఉగ్రవాదంపై పోరులో నైతిక నిగ్రహం: బలహీనతా? సాధనమా? – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

చట్టానికీ నీతికీ కట్టుబడి ఉండటం వల్ల ఉగ్రవాదాన్ని ఎదుర్కొనే దేశం బలహీనపడుతుందన్న వాదన భారతదేశంలో తరచుగా వినిపిస్తుంది. ఆ వాదనలోని బలాబలాలను ముంబయి దాడి, అక్షర్‌ధామ్ కేసు, హైదరాబాదు పేలుళ్లు, పంజాబ్ ఉగ్రవాద కాలం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉగ్రవాదంపై పోరు ప్రధానంగా సమాచారం కోసం జరిగే పోరు అనీ, నిగ్రహం ఆ సమాచారపు నాణ్యతను కాపాడుతుందనీ ప్రతిపాదిస్తుంది. నిగ్రహానికి చెల్లించవలసిన నిజమైన మూల్యాన్నీ, ఈ ప్రతిపాదనకు ఎదురు నిలిచే ఉదాహరణనూ చర్చిస్తుంది.

కీలకపదాలు: ఉగ్రవాదం, నైతిక నిగ్రహం, నేరాంగీకారం, టాడా, పోటా, మక్కా మసీదు, పంజాబ్, కౌటిల్యుడు.

1. ఉపోద్ఘాతం

2008 నవంబరు 26 రాత్రి ముంబయిలో మొదలైన దాడిలో 166 మంది ప్రాణాలు కోల్పోయారు. దాడికి దిగిన పదిమందిలో ప్రాణాలతో పట్టుబడినవాడు అజ్మల్ కసబ్ ఒక్కడే. సహాయ సబ్‌ఇన్‌స్పెక్టర్ తుకారాం ఓంబ్లే అతని తుపాకి గొట్టాన్ని చేతులతో ఒడిసిపట్టుకొని, తూటాలు తన దేహంలోకి దూసుకుపోతున్నా వదలకపోవడం వల్లనే అది సాధ్యమైంది. 2010 మేలో ప్రత్యేక న్యాయస్థానం కసబ్‌కు మరణశిక్ష విధించింది. 2011 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు, 2012 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖాయం చేశాయి. 2012 నవంబరు 21న పుణేలోని యెరవాడ జైలులో అతణ్ణి ఉరితీశారు.

ఆ నాలుగేళ్లలో ఒక మాట దేశమంతటా పాకింది. జైలులో కసబ్‌కు బిర్యానీ పెట్టి మేపుతున్నారన్నదే ఆ మాట. ఎన్నికల సభల్లో, టెలివిజన్ చర్చల్లో, టీకొట్ల దగ్గర అది నానుడిలా స్థిరపడింది. కసబ్ బిర్యానీ అడగలేదనీ, అతనిపై సానుభూతి పెరుగుతున్నట్టు కనిపించడంతో దాన్ని అడ్డుకోవడానికి ఆ కథ తానే కల్పించాననీ ప్రభుత్వ న్యాయవాది ఉజ్జ్వల్ నికమ్ 2015లో బహిరంగంగా చెప్పారు. కథ అబద్ధమని తేలినా దాని వెనుక ఉన్న భావన మాత్రం చెరగలేదు. నియమాలేవీ పాటించని శత్రువుతో నియమాలు పాటిస్తూ పోరాడటం చేతులు కట్టేసుకొని కుస్తీకి దిగడం వంటిదన్నదే ఆ భావన.

దీన్ని మూర్ఖపు వాదనగా తోసిపుచ్చడం సరికాదు. బాంబుదాడిలో బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు సాక్ష్యచట్టం గురించిన ఉపన్యాసం ఊరటనివ్వదు. పైగా ఈ వాదనలో పరీక్షకు నిలబెట్టదగిన ఒక ప్రతిపాదన ఉంది. నిగ్రహం పోరు ఫలితాన్ని దెబ్బతీస్తుందన్నదే అది. నీతి దృష్టితో కాక ఫలితం దృష్టితోనే దాన్ని పరిశీలించవచ్చు.

2. నిగ్రహం – చేతగానితనం

ముందుగా రెండు విషయాలను వేరుచేయాలి. ముంబయి దాడిలో రాజ్యం విఫలమైన చోట్లు తెలిసినవే. సముద్రతీరం మీద నిఘా సరిగా లేదు. మొదటి గంటల్లో ఎదురునిలిచిన పోలీసుల చేతుల్లో పాతకాలపు ఆయుధాలున్నాయి. జాతీయ భద్రతా దళం హర్యానాలోని మానేసర్ నుంచి ముంబయి చేరేసరికి విలువైన సమయం గడిచిపోయింది. వీటిలో ఏ ఒక్కదానికీ మానవహక్కుల పట్టింపు కారణం కాదు. 1999 డిసెంబరులో కాందహార్‌లో బందీల కోసం ముగ్గురు ఖైదీలను వదిలిపెట్టిన ఘటనను ‘మెతకదనాని’కి ఉదాహరణగా చూపిస్తారు. కాని ఆ విమానం కాందహార్‌కు ముందు అమృత్‌సర్‌లో ఆగింది. అక్కడ దాన్ని నిలిపివేయలేకపోవడానికి కారణం అధికార యంత్రాంగపు తటపటాయింపు. అలసత్వం, అవ్యవస్థ, నిర్ణయలోపం – వీటన్నిటినీ నిగ్రహం ఖాతాలో జమచేయడం చర్చను మొదటి అడుగులోనే పక్కదారి పట్టిస్తుంది.

ఈ వ్యాసంలో నైతిక నిగ్రహం అంటే మూడు హద్దులు: చిక్కినవాణ్ణి చిత్రహింస పెట్టకపోవడం, చేతికి చిక్కినవాణ్ణి విచారణ లేకుండా చంపకపోవడం, ఒకరి నేరానికి వారి సమూహాన్నంతటినీ దండించకపోవడం. ఆయుధం పట్టి ఎదురునిలిచినవానిపై బలప్రయోగాన్ని ఈ హద్దుల్లో ఏదీ అడ్డుకోదు. నిగ్రహం అనే మాటకు మన రాజనీతి పరిభాషలో దండించడమన్న అర్థమే ప్రధానం కావడం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. రాజును ‘నిగ్రహానుగ్రహ సమర్థుడు’ అని కీర్తించేటప్పుడు ఉన్నది ఆ అర్థమే. ఇంద్రియనిగ్రహమన్నప్పుడు అదే మాట తనను తాను అదుపులో ఉంచుకోవడాన్ని సూచిస్తుంది.

3. అణిమాండవ్యుని ఒప్పుకోలు

ఉగ్రవాదిని సైనికుని నుంచి వేరుచేసేది అతని కనబడనితనం. అతనికి యూనిఫాం లేదు, శిబిరం ఊరిబయట ఉండదు, దాడి చేసేదాకా అతను జనంలో ఒకడు. కాబట్టి ఈ పోరులో కొరతగా ఉండేది సాధారణంగా తుపాకి కాదు, తుపాకిని ఎవరివైపు తిప్పాలో చెప్పే సమాచారం. ఈ ఒక్క విషయం అంగీకరిస్తే తర్వాతి ప్రశ్న సహజంగా వస్తుంది: హింసించి రాబట్టిన సమాచారం ఎంతవరకు నమ్మదగినది?

దీనికి సమాధానం కోసం ఆధునిక మానవహక్కుల ప్రకటనల దాకా వెళ్లనవసరం లేదు. రాజ్యప్రయోజనం విషయంలో ఏమాత్రం సుకుమారత లేని కౌటిల్యుడు అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో నేరస్థుల విచారణను చర్చిస్తూ, బాధకు తాళలేక దొంగకానివాడు కూడా తాను దొంగనని ఒప్పుకొనే ప్రమాదం ఉందని హెచ్చరించాడు. అందుకు ఉదాహరణగా అణిమాండవ్యుణ్ణి పేర్కొన్నాడు. భారతంలో మాండవ్యుడు మౌనవ్రతం వల్ల ఏమీ చెప్పక శూలానికి గురవుతాడు, కౌటిల్యుని మాండవ్యుడు మాత్రం భయంతో దొంగతనం ఒప్పుకొంటాడు. కథ మారడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. రుజువులు పూర్తయ్యాకే శిక్షించాలన్న తన సూత్రానికి అవసరమైన రూపంలో అర్థశాస్త్రకారుడు దాన్ని వాడుకొన్నాడు. అదే అధ్యాయంలో అతడు చిత్రహింసల పద్ధతులనూ వివరించాడు. అంటే ఈ హెచ్చరిక జాలినుంచి పుట్టింది కాదు, పాలకునికి కావలసిన నిజం ఎక్కడ చెడిపోతుందో తెలిసిన అనుభవం నుంచి పుట్టింది.

1872 నాటి భారత సాక్ష్యచట్టం 25వ సెక్షన్ కూడా ఈ అనుభవం మీదనే నిలిచింది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితునికి వ్యతిరేకంగా రుజువు చేయడానికి వీల్లేదని అది శాసించింది. దాన్ని తెచ్చింది వలస ప్రభుత్వం. తన పోలీసులు ఒప్పుకోలు ఎలా రాబడతారో ఆ ప్రభుత్వానికి తెలుసు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఈ సూత్రాన్ని నిలుపుకొన్నది.

ఉగ్రవాదం పేరిట ఈ సూత్రానికి రెండుసార్లు మినహాయింపు వచ్చింది. 1985లో మొదలై 1995లో గడువు తీరిన టాడా, 2002లో వచ్చి 2004లో రద్దయిన పోటా – ఈ రెండు చట్టాలూ పోలీసు సూపరింటెండెంటు స్థాయి అధికారి ముందిచ్చిన నేరాంగీకారాన్ని సాక్ష్యంగా అంగీకరించాయి. నిగ్రహాన్ని సడలిస్తే ఫలితం మెరుగవుతుందన్న వాదనకు ఇంతకంటే నేరుగా జరిగిన ప్రయోగం లేదు. టాడా కింద డెబ్బై వేల మందికి పైగా నిర్బంధానికి గురయ్యారు. నేరం రుజువైనవారు వారిలో అతిస్వల్పం. అరెస్టయినవారిలో ఎక్కువమంది అమాయకులు కావచ్చు, లేదా దోషులై ఉండీ రుజువుకు నిలబడని దర్యాప్తు వల్ల బయటపడి ఉండవచ్చు. ఈ రెండింటిలో ఏది నిజమైనా దేశభద్రతకు కలిగిన లాభం ఏమిటన్నది అర్థం కాదు.

పోటా కాలపు అక్షర్‌ధామ్ కేసు ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. 2002 సెప్టెంబరు 24న గాంధీనగర్‌లోని ఆలయంపై జరిగిన దాడిలో ముప్పై మందికి పైగా మరణించారు. దాడిచేసిన ఇద్దరినీ భద్రతాదళం అక్కడే మట్టుబెట్టింది. తర్వాత కుట్రదారులుగా ఆరుగురిని దోషులుగా నిలబెట్టారు, వారిలో ముగ్గురికి మరణశిక్ష పడింది, హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. కేసుకు ప్రధానాధారం పోలీసు అధికారి ముందు ఇచ్చిన నేరాంగీకారాలే. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా ప్రకటించింది. ఒప్పుకోళ్లను నమోదు చేయడంలో చట్టం చెప్పిన రక్షణలు పాటించలేదని తేల్చి, అసలు దోషులను పట్టుకోవడానికి బదులు అమాయకులను ఇరికించారని తీవ్రంగా వ్యాఖ్యానించింది. పన్నెండేళ్ల తర్వాత వచ్చిన ఈ తీర్పును కేవలం ఆరుగురి హక్కుల విజయంగా చదవడం పరిపాటి. భద్రత దృష్టితో చదివితే అది మరింత కలవరపెడుతుంది: కుట్ర ఛేదించామన్న తృప్తితో పన్నెండేళ్లు గడిచాయి, ఆ కాలమంతా అసలు దారంకొసను వెదికే అవసరమే ఎవరికీ కనిపించలేదు.

ఇరాక్ యుద్ధం దాకా దారితీసిన ఒక ఒప్పుకోలును కూడా ఇక్కడే ప్రస్తావించాలి. 2001 చివరలో పట్టుబడిన ఇబ్న్ అల్-షేక్ అల్-లిబీని అమెరికా ఈజిప్టుకు అప్పగించింది. అక్కడి విచారణలో అతడు ఇరాక్ అల్‌ఖైదాకు రసాయన, జీవాయుధాల్లో శిక్షణ ఇచ్చిందని చెప్పాడు. 2003 ఫిబ్రవరి 5న ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో విదేశాంగమంత్రి కొలిన్ పావెల్ చేసిన ప్రసంగంలో ఆ మాట చేరింది. తనను హింసించి ఆ మాట చెప్పించారంటూ 2004లో అల్-లిబీ దాన్ని ఉపసంహరించుకొన్నాడు. అప్పటికి యుద్ధం జరిగిపోయింది. హింసకు గురైనవాడు అడిగేవారు వినాలనుకొన్నదే చెబుతాడనడానికి ఇంతకంటే ఖరీదైన నిదర్శనం చూపడం కష్టం.

4. హైదరాబాదు: రెండు దర్యాప్తులు

2007 మే 18 శుక్రవారం ప్రార్థనల వేళ మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది మరణించారు. ఆ వెంటనే చెలరేగిన ఆందోళనపై పోలీసులు జరిపిన కాల్పుల్లో మరో ఐదుగురు చనిపోయారు. తర్వాతి నెలల్లో పాతబస్తీకి చెందిన పలువురు ముస్లిం యువకులను అదుపులోకి తీసుకొన్నారు. తమను హింసించారన్న వారి ఆరోపణలపై రాష్ట్ర మైనారిటీల కమిషన్ ఒక న్యాయవాదితో విచారణ జరిపించింది. వారిపై పెట్టిన కుట్ర కేసులు న్యాయస్థానంలో నిలవలేదు. రాష్ట్ర ప్రభుత్వం వారికి పరిహారం కూడా ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టివేసింది.

దర్యాప్తు ఈలోగా నగర పోలీసుల నుంచి సీబీఐకి, 2011లో జాతీయ దర్యాప్తు సంస్థకు మారింది. అనుమానపు దిశ పూర్తిగా తిరిగి, హిందూ తీవ్రవాద బృందానికి చెందినవారని ఆరోపిస్తూ మరికొందరిపై అభియోగపత్రం దాఖలైంది. వారిలో ప్రముఖుడైన నిందితుడు మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన నేరాంగీకారాన్ని తర్వాత వెనక్కు తీసుకొన్నాడు. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం రుజువులు లేవంటూ విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ విడుదల చేసింది. పేలుడు జరిగి పదకొండేళ్లయినా ఆ నేరానికి శిక్షపడినవారు ఒక్కరూ లేరు. ఈ కేసు గురించి ఏ రాజకీయ పక్షం తన కథను తాను చెప్పుకొంటుంది. రెండు కథల్లోనూ కనిపించని వాస్తవం మాత్రం ఒకటుంది: ఘటన జరిగిన తొలి వారాలు ఏ దర్యాప్తుకైనా ప్రాణం వంటివి. సాక్షుల జ్ఞాపకం, భౌతికాధారాలు, ఫోను వివరాలు తాజాగా ఉండే కాలం అది. ముందే నిర్ణయించుకొన్న దిశలో మనుషులను పట్టుకొని ఒప్పించే ప్రయత్నంలో ఆ కాలం ఖర్చయితే తర్వాత ఎంత నిపుణ సంస్థ వచ్చినా ఆ లోటును పూడ్చడం దాదాపు అసాధ్యం.

దీని పక్కన దిల్‌సుఖ్‌నగర్ కేసును పెట్టి చూడాలి. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం రద్దీ కూడలిలో జరిగిన జంట పేలుళ్ల కేసును జాతీయ దర్యాప్తు సంస్థ చేపట్టింది. ఇండియన్ ముజాహిదీన్‌కు చెందిన యాసీన్ భత్కల్‌తో సహా ఐదుగురిపై చర్లపల్లి జైలు ఆవరణలోని ప్రత్యేక న్యాయస్థానంలో విచారణ జరిగింది. 2016 డిసెంబరులో, అంటే నాలుగేళ్లు నిండకుండానే, ఐదుగురికీ మరణశిక్ష పడింది. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. పోలీసు అధికారి ముందిచ్చిన ఒప్పుకోలుకు సాక్ష్యవిలువ లేని చట్టం కిందనే ఇదంతా జరిగింది. ముంబయి దాడి తర్వాత 2008లో పార్లమెంటు చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టాన్ని సవరించి, బెయిలు నిబంధనలను ఎంతో కఠినం చేసింది. అయినా టాడా, పోటాలనాటి ఆ మినహాయింపును మాత్రం తిరిగి తేలేదు. దేశం అంత ఆగ్రహంతో ఉన్న వేళ శాసనకర్తలు దాన్ని పక్కన ఉంచడం చిన్న విషయం కాదు.

రెండు కేసుల మధ్య తేడాకు నిగ్రహమొక్కటే కారణమనడం అతిశయోక్తి అవుతుంది. ఆరేళ్లలో నిఘా కెమెరాలు పెరిగాయి, ప్రత్యేక సంస్థ ఏర్పడింది, నిందితుల గురించి ఇతర నగరాల కేసుల నుంచి కూడా సమాచారం అందుబాటులో ఉంది. అయితే ఒప్పుకోలు మీద ఆధారపడే దారి మూసుకొన్నప్పుడే దర్యాప్తు సంస్థలు తక్కిన దారులను వెదుకుతాయి. ఆ విధంగా చూస్తే 25వ సెక్షన్ దర్యాప్తు చేతులు కట్టివేయలేదు, పనిచేయించింది.

కసబ్ విచారణలో ఇద్దరు భారతీయ నిందితుల విషయం కూడా ఈ కోవలోనిదే. దాడికి ముందు ముంబయి పటాలు గీసి అందించారన్నది వారిపై ఆరోపణ. మరణించిన దాడికారుని జేబులో దొరికిందని చెప్పిన పటం మీద రక్తపు మరకలు లేకపోవడాన్ని న్యాయమూర్తి తహలియాని గుర్తించారు, ఆ వ్యక్తి దుస్తులు మాత్రం రక్తంతో తడిసి ఉన్నాయి. ఇద్దరూ విడుదలయ్యారు, పై న్యాయస్థానాలూ దాన్ని సమర్థించాయి. దేశాన్ని కుదిపివేసిన కేసులో, కసబ్‌కు మరణశిక్ష విధించిన తీర్పులోనే ఈ విడుదల కూడా ఉంది. కసబ్ దోషిత్వాన్ని ప్రపంచంలో ఎవరూ గట్టిగా ప్రశ్నించలేకపోవడానికి ఆ పటం విషయంలో న్యాయస్థానం చూపిన సంశయం కూడా ఒక కారణం.

ఇలాంటి విశ్వసనీయతకు సరిహద్దుల ఆవల ఆచరణాత్మకమైన విలువ ఉంది. పరారైన నిందితుడు మరో దేశంలో చిక్కినప్పుడు, భారత్‌కు అప్పగిస్తే తనను హింసిస్తారన్నది అతని మొదటి అభ్యంతరం. ముంబయి దాడి కేసులో తహవ్వుర్ రాణా అమెరికా న్యాయస్థానాల్లో ఈ వాదన చేశాడు, అది నెగ్గలేదు, 2025 ఏప్రిల్ 10న అతణ్ణి ఢిల్లీకి తీసుకొచ్చారు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఒక ఆర్థిక నేరాభియోగాల కేసులో మాత్రం లండన్ హైకోర్టు తీహార్ జైలులో హింసకు గురయ్యే ప్రమాదం ఉందన్న వాదనను అంగీకరించి అప్పగింతను నిరాకరించింది. చిత్రహింసల నిషేధ అంతర్జాతీయ ఒడంబడికపై భారత్ 1997లో సంతకం చేసి, నేటికీ ధ్రువీకరించలేదు. పట్టుకోవలసినవారిని పట్టుకోవడానికి ఇది అడ్డుగా నిలుస్తున్నదన్న విషయం భద్రత గురించి మాట్లాడేవారు అరుదుగా ప్రస్తావిస్తారు.

5. సమూహాన్ని దండించడం

మూడో హద్దు గురించి ఉత్తర ఐర్లండ్ అనుభవం సుపరిచితం, క్లుప్తంగా చెబితే చాలు. 1971 ఆగస్టు 9న బ్రిటిష్ సైన్యం ఒక్క వేకువన 342 మందిని విచారణ లేని నిర్బంధంలోకి తీసుకొంది. వారిలో అత్యధికులు కాథలిక్ జాతీయవాద వర్గానికి చెందినవారే. జాబితాలు పాతవి, నిజమైన ఐఆర్‌ఏ సభ్యుల్లో చాలామంది ముందే తప్పించుకొన్నారు. నిర్బంధానికి నిరసనగా 1972 జనవరి 30న డెర్రీలో జరిగిన ప్రదర్శనపై సైనికులు కాల్పులు జరిపి పదముగ్గురిని చంపారు, గాయపడిన మరొకరు తర్వాత మరణించారు. ఆ ఏడాది దాదాపు 480 మంది మరణించారు, మూడు దశాబ్దాల సంఘర్షణలో అదే అతి రక్తసిక్తమైన సంవత్సరం. ఐఆర్‌ఏలో చేరే యువకుల వరుస పెరిగింది. అంతకంటే తక్కువగా గుర్తించిన నష్టం మరొకటుంది: ఆ వాడల్లో పోలీసులకు ఒక మాట చేరవేయగల మనిషి మిగలలేదు.

ఉగ్రవాది ఏ జనంలో దాగుతాడో ఆ జనమే అతని గురించి ముందుగా తెలుసుకోగలవారు. పక్కింట్లో కొత్తగా దిగిన అద్దెవాళ్ల గురించి, ఉన్నట్టుండి మారిపోయిన కొడుకు గురించి పోలీసు స్టేషనుకు వెళ్లి చెప్పాలంటే అక్కడి నుంచి తాను తిరిగివస్తానన్న నమ్మకం ఉండాలి. కొడుకు విచారణకు హాజరై ప్రాణాలతో ఉంటాడన్న నమ్మకం ఉండాలి. ఈ నమ్మకాన్ని డబ్బుతోనో భయంతోనో కొంతవరకు కొనవచ్చు. అలా కొన్న సమాచారంలో పాత కక్షలు, పొలం తగాదాలు కూడా ఉగ్రవాదం రూపంలో వచ్చి చేరుతాయి.

6. పంజాబ్: ఎదురు నిలిచే ఉదాహరణ

ఇంతవరకూ చెప్పినదానికి గట్టి ప్రత్యాఖ్యానం పంజాబ్. 1991లో ఆ రాష్ట్రంలో రెండున్నర వేల మందికి పైగా పౌరులు ఉగ్రవాదానికి బలయ్యారు. 1993లో ఆ సంఖ్య యాభై లోపుకు పడిపోయింది. ఈ మధ్యకాలంలో పోలీసు అధిపతి కె.పి.ఎస్.గిల్ నాయకత్వంలో సాగిన అణచివేతలో నిగ్రహం పాటించారని ఆయన అభిమానులు కూడా అనరు. హద్దులు దాటినందువల్లనే పంజాబ్ బతికిందన్నది వారి వాదన. రెండేళ్లలో ఇంత మార్పు వచ్చిన ఉదాహరణను దాటవేసే పరిశీలన నిజాయితీగా ఉండదు.

పంజాబ్ చరిత్రలోనే ఒక స్థలం మీద రెండు పద్ధతులు వరుసగా అమలయ్యాయి. 1984 జూన్‌లో గురు అర్జున్‌దేవ్ బలిదాన దినం సందర్భంగా యాత్రికులు ఉండగానే సైన్యం స్వర్ణాలయంలోకి ప్రవేశించింది. ట్యాంకులు వాడింది. అకాల్‌తఖ్త్ ధ్వంసమైంది. ప్రభుత్వ శ్వేతపత్రమే 83 మంది సైనికులు, 493 మంది ఇతరులు మరణించారని చెప్పింది, వాస్తవ సంఖ్య చాలా ఎక్కువన్నది ఇతరుల అంచనా. సిక్కు సైనికుల తిరుగుబాట్లు, అక్టోబరు 31న ప్రధాని ఇందిరాగాంధీ హత్య, ఢిల్లీలో సిక్కుల ఊచకోత – ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అంతవరకూ ఒక వర్గానికి పరిమితమైన వేర్పాటువాదానికి ఆ ఏడాది కొత్త తరం దొరికింది.

1988 మేలో ఉగ్రవాదులు మళ్లీ ఆ ఆలయంలోనే తిష్ఠవేశారు. ఈసారి ముట్టడి వేరుగా సాగింది. నీరు, విద్యుత్తు నిలిపివేశారు. దూరంనుంచి గురిపెట్టగల నిపుణులను ఎత్తైన కట్టడాల మీద నిలిపారు. పత్రికలవారిని రప్పించి చూడనిచ్చారు. పది రోజుల్లో దాదాపు 200 మంది చేతులెత్తి బయటకు వచ్చారు. ఆలయానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. లోపల ఉగ్రవాదులు చేసిన హత్యలు, ఆలయాన్ని అపవిత్రం చేసిన తీరు జనానికి తెలిసింది. 1984లో మరణించినవారికి దక్కిన అమరత్వం 1988లో లొంగిపోయినవారికి దక్కలేదు. ఆపరేషన్ బ్లాక్‌థండర్ అనే ఈ చర్యను నడిపించిన పోలీసు అధిపతి కూడా గిల్లే. నిగ్రహం ఎంత పదునైన ఆయుధమో చూపిన మనిషి, తర్వాతి కాలంలో దాన్ని పక్కన పెట్టిన వ్యవస్థకు అధిపతి కావడం పంజాబ్ చరిత్రలోని వైచిత్రి.

బ్లాక్‌థండర్ తర్వాత ఉగ్రవాదం ఆగిపోలేదన్నది నిజం. 1990, 1991లు అన్నిటికంటే దారుణమైన ఏళ్లు. నిగ్రహంతో సాధించిన ఒక విజయం చాలదని ఇది చెబుతుంది. ఆ తర్వాత తగ్గుదలకు కారణాలు మాత్రం ఒకటి కాదు. సరిహద్దుకు కంచె వచ్చింది. సైన్యం గ్రామాల్లో నిలబడి పోలీసులకు అండనిచ్చింది. ఉగ్రవాద ముఠాలు వసూళ్లకూ అపహరణలకూ దిగి, ఎవరి పేరిట పోరాడుతున్నామన్నాయో ఆ సిక్కు రైతులనే పీడించడంతో ఊళ్లు వారికి తలుపులు మూశాయి. 1992 ఫిబ్రవరి శాసనసభ ఎన్నికల్లో నాలుగోవంతు ఓటర్లు కూడా పాల్గొనలేదు, ఏడాది తిరగకుండానే 1993 జనవరి పంచాయతీ ఎన్నికల్లో ఎనభై శాతానికి పైగా ఓటు వేశారు. రహస్య హత్యలు లేకుండా ఈ మిగిలిన కారణాలే చాలేవా అన్న ప్రశ్నకు చరిత్ర తిరిగి ప్రయోగం చేసి చూపదు. హద్దులు దాటడం కూడా కొంతవరకు పనిచేసిందని ఒప్పుకొన్నా, అది తప్పనిసరి అయిందనడానికి ఆధారం ఈ వరుసలో దొరకదు.

మూల్యం విషయంలో ఇటువంటి అస్పష్టత లేదు. మానవహక్కుల కార్యకర్త జస్వంత్‌సింగ్ ఖాల్‌డా శ్మశానవాటికల కట్టెల కొనుగోలు పుస్తకాలు, మునిసిపల్ రికార్డులు చూసి, పోలీసులు గుర్తుతెలియని శవాలుగా దహనం చేసినవారి వివరాలు బయటపెట్టాడు. 1995 సెప్టెంబరు 6న అమృత్‌సర్‌లోని ఇంటి ముందే అతణ్ణి అపహరించారు, శవం కూడా దొరకలేదు. సుప్రీంకోర్టు ఆదేశంపై విచారించిన సీబీఐ, ఆ ఒక్క జిల్లాలోని మూడు శ్మశానవాటికల్లోనే 2,097 దహనాలు లెక్కతేల్చింది. వారిలో పూర్తిగా గుర్తించగలిగినవారు 585 మంది, పాక్షికంగా గుర్తించినవారు 274 మంది. మిగిలిన 1,238 మందిలో ఉగ్రవాదులెందరో, సమాచారం ఇచ్చినవారెందరో, పక్కింటివాని పగకు బలైనవారెందరో చెప్పడానికి ఆధారం మిగల్చకుండానే కట్టెలు కాలిపోయాయి. 2005లో పాటియాలా న్యాయస్థానం ఖాల్‌డా కేసులో ఆరుగురు పోలీసులను దోషులుగా నిర్ధారించింది, సుప్రీంకోర్టు 2011లో ఆ శిక్షలను నిలిపింది. తక్కిన దహనాల విషయంలో 1996 నుంచి జాతీయ మానవహక్కుల సంఘం ముందు సాగిన విచారణ చివరకు ప్రధానంగా పరిహారం లెక్కలతో ముగిసింది.